చిరిగిన కర్ణభేరికి చుక్కలు వెయ్యాలా, వద్దా?

(పల్లెలో ఆర్.ఎం.పి.గా మందులిచ్చే బాబాయికీ, పట్నంలో ఈ.ఎన్.టి. డాక్టరైన అబ్బాయికీ తగువు. చెంపదెబ్బకి కర్ణభేరి చిరిగిన కుర్రాడి గురించి మొదలైంది.)

బాబాయి: నెప్పంటూ వచ్చినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపమంటావేంట్రా? నేను చుక్కలేసిన చెవులు పూడుతున్నాయి, కళ్ళారా చూస్తున్నా.

అబ్బాయి: వెయ్యకపోయినా పూడేవి, బాబాయ్. దెబ్బకి చిరిగిన పొరలు చాలావరకు రెండుమూడు నెలల్లో వాటంతటవే కలుస్తాయి. పేరు మాత్రం నీ చుక్కలకొస్తోంది.

బాబాయి: వస్తే రానీ. వేస్తే నష్టమేంటి?

అబ్బాయి: ఏం వేశావన్నదాన్ని బట్టి. జెంటామైసిన్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లున్న చుక్కలు చిల్లులోంచి మధ్యచెవిలోకి దిగి, అక్కణ్ణించి లోపలి చెవికి చేరితే వినికిడి కణాలు చచ్చిపోవచ్చు. అవి మళ్ళీ మొలవవు. గులిమి కరిగించే చుక్కలు, స్పిరిట్, వెల్లుల్లి కాచిన నూనె కూడా వద్దు. చిల్లు పొడిగా ఉంటే ఏదీ వెయ్యకు. స్నానానికి వేజలీన్ రాసిన దూది పెట్టుకోమను, ముక్కు గట్టిగా చీదొద్దను.

బాబాయి: చీము కారుతుంటే? అప్పుడు నువ్వు రాసేదీ చుక్కలేగా! మాత్రలకన్నా అవే మేలని నువ్వేగా అన్నావ్.

అబ్బాయి: అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆఫ్లోక్సాసినో, సిప్రోఫ్లోక్సాసినో, లోపలి చెవిని చెరపని యాంటీబయాటిక్ చుక్కలు. ముందు మెత్తటి దూది వత్తితో చీము పీల్చెయ్యాలి. సీసాని రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టాలి, చల్లటి చుక్క పడితే కళ్ళు తిరుగుతాయి. పక్కకి పడుకోబెట్టి వేశాక, చెవి ముందరి బుడిపెని నాలుగైదుసార్లు నొక్కాలి, అయిదు నిమిషాలు లేవనివ్వకూడదు. ఇదంతా చీము ఆరడానికే, పొర అతకడానికి కాదు.

బాబాయి: దూదిపుల్ల పెట్టొద్దని బోర్డులు రాసుకునేదీ మీరే, ఇప్పుడు వత్తి పెట్టమనేదీ మీరే!

అబ్బాయి: పుల్ల గట్టిది, లోపలికి పొడుచుకుంటుంది. వత్తి బయటి గొట్టం వరకే.

బాబాయి: తునక లోపలుండిపోతే ఎవడు తీస్తాడు?

అబ్బాయి: నేనే తీస్తాను, వారానికొకరొస్తారు. అదలా ఉంచు.

బాబాయి: సరే, ఏళ్ళనాటి చిల్లు సంగతి? ఆపరేషనంటావు. కూలికెళ్ళేవాడు అన్నాళ్ళు పని మానగలడా? జపానులో మందు పెట్టే పూడుస్తున్నారటగా!

అబ్బాయి: పూడుస్తున్నారు, నిజమే. ట్రాఫెర్మిన్ అనే, కణాల్ని పెరిగేలా చేసే మందుకి అక్కడ 2019లో అనుమతి వచ్చింది. అయితే అది చుక్కలా వేసేది కాదు. పాత చిల్లు అంచు మీద చర్మం కమ్మేసి ఉంటుంది, అందుకే కలవదు. ముందు ఆ అంచుని మైక్రోస్కోపు కింద గీకి పచ్చిగా చేస్తారు. మందులో నానిన జెలటిన్ స్పాంజి ముక్కని చిల్లులో అమర్చి, పైన ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీను) జిగురు వేస్తారు. దాదాపు నెల తరవాత చూసి, పూడకపోతే మళ్ళీ పెడతారు. మన దగ్గర చిన్న చిల్లులకి అంచు పచ్చి అయ్యేలా ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం తాకించి, కాగితం ముక్క అతికించడం ఉంది. 1887లో బ్లేక్ అనే అమెరికా చెవి డాక్టరు చెప్పిన కాగితం అతుకే. చెవి పొడిగా లేకపోతే ఇవేవీ నిలవవు. చిల్లు పొర అంచుదాకా పాకినా, లోపల చర్మం పేరుకున్నా ఆపరేషనే.

బాబాయి: నా టార్చిలైటుకి చిల్లే కనబడదురా, ఇవన్నీ నాకెలా తెలుస్తాయి?

అబ్బాయి: కనబడకపోతే చిల్లుందనే అనుకో. కళ్ళు తిరిగినా, ఉన్నట్టుండి వినపడకపోయినా, మూతి వంకరపోయినా ఆ రోజే పంపెయ్.