కార్బ్యురేటర్ విప్పే ముందు ఒక్క మాట అడగండి

మా నాన్నగారి పాత మారుతి 800 కార్బ్యురేటర్‌ని (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజినుకి పంపే భాగం) ఈ చలికాలంలో మూడుసార్లు విప్పారు. మూడుసార్లూ తప్పు దానిది కాదు. కోనసీమలో ఇలాంటి బళ్లు ఇంకా కొన్ని ఇళ్లల్లో ప్రాణంలా చూసుకుంటున్నారు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నే ఆరింటికి స్టార్ట్ చేస్తే ఇంజిను వణికిపోయేది. మూడు సిలిండర్ల బండి, ఒకటి కొట్టకపోతే, అంటే అందులో పెట్రోలు మండక మిస్సయితే, మూడోవంతు బలం పోయినట్టే. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన మీద వెనకాల లారీ హారన్ మోగిస్తుంటే నాన్నగారి మొహం చూడలేకపోయేవాణ్ణి. ఎండెక్కాక మాత్రం ఏ జబ్బూ లేనట్టు నడిచేది. మేం షెడ్డుకి తీసుకెళ్లేది పదకొండింటికి. మేస్త్రి బానెట్ ఎత్తి, రెండుసార్లు రేజ్ చేసి, "కార్బ్యురేటరేనండి, ఆయ్, కిట్టు వేసేద్దాం" అనేవాడు. ఎప్పుడు మిస్సవుతోంది, ఐడిలింగ్‌లోనా, లోడు పడ్డప్పుడా, చల్లగా ఉన్నప్పుడా అని ఒక్కసారి కూడా అడగలేదు. నా కోపమంతా అక్కడే. జ్వరం ఏ వేళకి వస్తోందో అడక్కుండా సూది వేస్తే ఊరుకుంటామా?

చివరికి ఒకప్పుడు ట్యాక్సీ తోలిన మా చిన్నాన్న తెల్లవారుజామున వచ్చాడు. కాలవ మీద మంచు దట్టంగా ఉంది. "వీధి లైటు ఆర్పరా" అన్నాడు. చీకట్లో బానెట్ ఎత్తితే, స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత (క్యాప్) మీద సన్నటి నీలం నిప్పులు పాకుతున్నాయి. ఇంజిను ఆపి క్యాప్ తీసి టార్చి వేశాడు. లోపల రెండు టెర్మినళ్ల మధ్య పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత. తడి తగిలితే కరెంటు ప్లగ్గుకి వెళ్లకుండా ఆ దారిన పోతోంది. క్యాపూ, దాని లోపల తిరిగే రోటరూ మార్చాం, వణుకు పోయింది.

అందుకే ముందు కరెంటు చూడమంటాను. ఇంజిను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దాని కొసకి వేరే ప్లగ్గు తగిలించి ఇంజిను బాడీకి గట్టిగా ఆనేలా పెట్టి స్టార్ట్ చెయ్యండి. నడక ఏమీ మారకపోతే పని చెయ్యనిది ఆ సిలిండరే. ప్లగ్గు రంగు కూడా చూడండి: లేత గోధుమరంగయితే బాగున్నట్టు, పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. వేడెక్కిన ఇంజిను చోక్ (గాలి తగ్గించే మీట) కొంచెం లాగగానే కుదుటపడితే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, అదే జెట్, మూసుకుపోయింది. కార్బ్యురేటర్ అడుగు గాస్కెట్, పగిలిన వాక్యూమ్ పైపులు వెతకండి.

కార్బ్యురేటర్‌కి రోగం రాదనడం లేదు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది. వారాల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు చేరితే ఆ నలుసులు జెట్టులోకే వస్తాయి. అప్పుడు విప్పండి, కాదనను.

కానీ గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ మీద చెయ్యి వేసే ముందు, దాన్ని మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. మా బండికి ఆ లెక్క ఎవరూ రాసుకోలేదు. మిస్సింగ్ పోయినా పాత నడక పూర్తిగా రాలేదు. ఎదుటి బండికి దారిచ్చి కాలవ వంతెన దగ్గర ఆగినప్పుడల్లా నాన్నగారు మాట ఆపేసి ఇంజిను వింటున్నారు.