గొట్టానికి లాగ్‌బుక్ ఉంది, తలకు లేదు

ఫిరంగి గొట్టానికి ఒక పుస్తకం ఉంటుంది. ఎన్ని గుండ్లు పేల్చారో, ఎంత మందుగుండుతో పేల్చారో అన్నీ అందులో రాస్తారు. లెక్క దాటితే గొట్టం మార్చేస్తారు. ఆ గొట్టం పక్కనే నిలబడి ఏళ్ల తరబడి గుండ్లు అందించిన మనిషికి మాత్రం అలాంటి పుస్తకం లేదు. అరవై దాటి, పేర్లు గుర్తుకు రాక తడబడే రోజు వస్తే ఆయన చేతికి గళ్లనుడికట్టు ఇచ్చి, ‘రోజూ నింపండి, బుర్రకు మంచిది’ అంటాం.

మాజీ సైనికుల జ్ఞాపకశక్తి మీద ఎక్కడ చర్చ మొదలైనా సుడోకు, నడక, ధ్యానం, ఫోనులో మెదడు ఆటల దగ్గరే తేలుతోంది. వాటితో నాకు పేచీ లేదు. వాటి సందడిలో అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదన్నదే నా గోల. సర్వీసులో ఉండగా ఈ తలకు ఏం జరిగింది?

అమెరికాలో 55 ఏళ్లు దాటిన 1,81,093 మంది మాజీ సైనికుల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2010లో వచ్చింది. ఏడేళ్లలో డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) బారిన పడినవారు పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక గాయం) ఉన్నవాళ్లలో 10.6 శాతం, లేనివాళ్లలో 6.6 శాతం. 2018లో మరో పెద్ద అధ్యయనం తలదెబ్బలను లెక్కలోకి తీసుకుంది. స్పృహ కూడా తప్పని చిన్న దెబ్బ తిన్నవారికీ డిమెన్షియా ముప్పు రెండు రెట్లు దాటిందని తేల్చింది. స్పృహ తప్పని దెబ్బంటే ఏమిటి? హెల్మెట్ సర్దుకుని మళ్లీ డ్యూటీలోకి వెళ్లిపోయే దెబ్బ. అలాంటి చాలావాటికి ఆసుపత్రి చీటీ కూడా ఉండదు.

ఇక చెవి సంగతి. నన్నడిగితే అన్నిటికన్నా ముందు మాట్లాడాల్సింది దీని గురించే. రైఫిల్ ఒక్కసారి పేలితే శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క పేలుడుతోనే చెవికి హాని చేయగల శబ్దం అది. అమెరికా మాజీ సైనికులు వైకల్య పరిహారం పొందే కారణాల్లో ఏళ్లుగా మొదటి స్థానం చెవిలో హోరుదే. వినికిడి తగ్గిన మనిషి ముందు మాటలను ఊహించి అందుకోవడానికి అవస్థ పడతాడు, తర్వాత విన్నట్టు తలూపడం నేర్చుకుంటాడు, కొన్నాళ్లకు నలుగురిలోకి రావడమే మానేస్తాడు. ఇంట్లోవాళ్లు ‘ఆయన స్వభావమే అంత, మిలిటరీ మనిషి’ అని సరిపెట్టుకుంటారు. అక్కడితో ఆగితే బాగుండు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో చాలావరకు కొన్ని పదాలు చదివి వినిపించి, కాసేపటికి మళ్లీ చెప్పమంటారు. ఆయనకు ఆ పదాలు సగమే వినబడ్డాయి. వినబడనివి కాస్తా ‘మరిచిపోయిన’ పదాల ఖాతాలోకి వెళ్తాయి!

వినికిడి సరిచేస్తే మతి నిలుస్తుందా అని అనుమానించేవాళ్లు 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అచీవ్ ట్రయల్‌ను ఇక్కడ గుర్తు చేస్తారు. 70 నుంచి 84 ఏళ్ల 977 మందిలో కొందరికి వినికిడి యంత్రాలు ఇచ్చి మూడేళ్లు చూస్తే, మొత్తం మీద తేడా కనబడలేదు. నిజమే. అయితే ముప్పు ఎక్కువగా ఉన్న గుంపును విడిగా చూస్తే మెదడు శక్తి తగ్గే వేగం 48 శాతం మందగించింది. తలదెబ్బ, పీడకలలు, రక్తపోటు, ఒంటరితనం మోస్తున్న మాజీ సైనికుడు ఏ గుంపు మనిషో వేరే చెప్పాలా? డిమెన్షియాకు సరిదిద్దుకోదగ్గ కారణాలంటూ అదే పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, లాన్సెట్ కమిషన్, 2024లో 14 చెప్పింది. వినికిడి లోపం, తలకు దెబ్బ, కుంగుబాటు, అతిగా తాగడం, రక్తపోటు, మనుషులకు దూరం కావడం... ఆ జాబితా చదువుతుంటే ఎవరిదో సర్వీసు రికార్డు తిరగేస్తున్నట్టుంటుంది.

నిద్రకూ ఇదే కథ. పీడకలలకని మొదలైన మాత్రలు ఇరవై ఏళ్లయినా ఆగవు. వాటిలో కొన్ని మతిమరుపు తెచ్చేవే. చీటీ మొత్తం తిరగేసే డాక్టరు దొరకడం అదృష్టం.

అలవాట్లు మార్చుకుంటే మెదడు బాగుపడుతుందని ఫిన్లాండ్‌లోని ఫింగర్ ట్రయల్ 2015లో చూపించింది కదా అంటారు. చూపించింది. 60-77 ఏళ్ల 1,260 మందితో రెండేళ్లు చేశారు. అయితే ఎలా చేశారో చూడండి. ఒక గుంపుకు వ్యాయామ శిక్షకులు, ఆహార నిపుణులు, మెదడుకు శిక్షణ, క్రమం తప్పని రక్తపోటు తనిఖీలు అన్నీ ఏర్పాటు చేశారు. రెండో గుంపుకు ఇచ్చింది మామూలు ఆరోగ్య సలహా. వెనకబడింది ఆ సలహా గుంపే. మనం మాజీ సైనికులకు పంచుతున్నదీ అదే సలహా.

నా కోపం సైన్యం ఒక్కదాని మీదే అనుకోకండి. గనిలో యంత్రానికి సర్వీసు తేదీ ఉంటుంది, దాన్ని నడిపినవాడి ఊపిరితిత్తులకు ఉండదు. పనిముట్టుకు రిజిస్టరు, మనిషికి నీతివాక్యం. పని చేయించుకున్నంత కాలం ఒళ్లు సంస్థది, రిటైరైన మర్నాటి నుంచి ఆ ఒంటికొచ్చిన జబ్బు మాత్రం ఆయన సొంతం. ‘చురుగ్గా ఉండండి’ అన్న మాటలో ఉన్న మోసం ఇదే. రేపు మతి తప్పితే, చురుగ్గా లేకపోవడం ఆయన తప్పే అవుతుంది.

కాస్త కదలిక లేకపోలేదు. 2024 ఆగస్టులో అమెరికా రక్షణ శాఖ పేలుడు ఒత్తిడికి చదరపు అంగుళానికి 4 పౌండ్ల తాత్కాలిక హద్దు పెట్టింది. కొత్తగా చేరేవారికి మొదట్లోనే మెదడు పనితీరు పరీక్ష చేసి నమోదు చేయాలంది. అంటే ముప్పై ఏళ్ల తర్వాత డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పోల్చి చూడటానికి ఒక పాత స్కోరు ఉంటుంది. ఏ దేశ సైన్యమైనా చేయగలిగిన పనే ఇది. బయటికి వెళ్లే రోజు కూడా చెవి గ్రాఫు, నిద్ర వివరం, ఎన్ని పేలుళ్ల దగ్గర ఉన్నాడన్న లెక్క, ఇంకోసారి ఆ స్కోరు, అన్నీ ఫైలులో పెట్టి చేతికివ్వాలి.

ఇప్పటికే పింఛను తీసుకుంటున్నవాళ్లకు ఆ ఫైలు రాదు. వాళ్లలో ఒకరు మతిమరుపని వస్తే ముందు చెవుల డాక్టరు దగ్గరికి పంపండి. యంత్రం పెట్టించాక, ఆ పదాలు మళ్లీ మొదటి నుంచి చదివి వినిపించండి.