మహారాజశ్రీ నిమ్మకాయ గారికి

శ్రీకాకుళం నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా పిల్లల బుగ్గలు తప్ప.

తమరు గుమ్మానికి వేలాడితే దిష్టి పోతుంది, పులిహోరలో పడితే విస్తరి ఖాళీ అవుతుంది. కాదనం. కానీ మొటిమల వైద్యం తమరికి ఎవరు అప్పజెప్పారు? శనగపిండి పూతలో తమరే, తేనెలో తమరే, పసుపులో తమరే. పిల్ల బుగ్గ మీద చిన్న పొక్కు లేస్తే చాలు, పక్కింటి అప్ప "ఏటే గుంటా, ఓ నిమ్మచెక్క రుద్దీ, తగ్గిపోద్ది" అనేస్తుంది.

లెక్క చెబుతాం, వినండి. పీహెచ్ అంటే ఆమ్లగుణం కొలిచే అంకె. చర్మం పైపొరది 5కి అటూ ఇటూ. తమరి రసానిది 2. పీహెచ్‌లో ఒక్క అంకె దిగితే ఆమ్లగుణం పది రెట్లు, మూడు దిగితే వెయ్యి రెట్లు. మొండి చర్మం ఓ పూట ఓర్చుకుంటుందేమో గానీ, సున్నితమైనది ఎర్రబడి, పొట్టు రేగి, మంచినీళ్లు తగిలినా చుర్రుమంటుంది. ఆ చురుకు చూసి "మందు పట్టింది" అని మురిసిపోయేవాళ్లకు మా జిల్లాలో కొదవ లేదు.

పైగా తమరిలో ఫ్యూరోకుమారిన్లనే సరుకుంది. చర్మం మీద అది ఉండగా ఎండ తగిలిందా, కాలినట్టే. ఆదివారం పొద్దున్నే తమరిని పూసుకుని, అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనానికి వరసలో నిలబడ్డ ముఖం గతి ఏం కావాలి? ఒకట్రెండు రోజుల్లో బొబ్బలు, ఆపైన నెలల తరబడి నల్లమచ్చ. మొటిమే నయం.

తమరి జతగాళ్లు వంటసోడా, వెల్లుల్లి, టూత్‌పేస్టు కూడా ఇదే బాపతు. కొబ్బరినూనె మంచిదే, జుట్టుకి. మొటిమల ముఖం మీద రంధ్రాలు పూడుస్తుంది.

పెరటి కలబందను చూసి నేర్చుకోండి. మట్ట కోసి, కోసిన వైపు కిందకి పెట్టి గ్లాసులో పావుగంట నిలబెడితే పసుపు జిగురు కారిపోతుంది. దురద పెట్టేది అదే. చాలామంది ఈ పని ఎగ్గొట్టి "కలబంద మాకు పడదు" అంటారు. కడిగి, ముళ్లు, తొక్క తీసి, లోపలి తెల్లగుజ్జు మాత్రమే వాడాలి. ముందు మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు, వారం రోజులు. ఏమీ కాకపోతేనే ముఖానికి. అదీ మంట, ఎరుపు చల్లార్చడానికే. మొటిమలు మాయం చేస్తానని కలబంద తమరిలా కోతలు కొయ్యదు. లోపల గడ్డకట్టి, గుంటలు పడుతుంటే చర్మం డాక్టరు దగ్గరికే.

ముల్తానీ మట్టిది తప్పు లేదు, పెట్టుకున్నవాళ్లదే. బీటలు వారేదాకా ఉంచితే ఉన్న కాస్త తేమా పీల్చేస్తుంది. తడి ఆరకముందే కడిగేయాలి.

ఇట్లు,
తమరిని అన్నంలోకి మాత్రమే పిండుకునేవారు

తా.క. పిండేసిన చెక్కే కదా అని ముఖానికి రుద్దేవాళ్లున్నారు. ఎండకి భగ్గుమనే ఆ సరుకు రసంలో కన్నా తొక్కలోనే ఎక్కువ.