జోక్ గేమ్ చేసే కుర్రాణ్ణి వెనక్కి లాగొద్దు

ఇంజినీరింగ్ చదివిన పిల్లవాడు గేమ్‌లు తయారు చేస్తానంటే ఒడిశాలోని బరంపురంలో ఏ తెలుగింట్లోనైనా ముందు వచ్చే ప్రశ్న "దానికి జీతం ఎవరిస్తార్రా?" అని. పురాణాల గేమో, యుద్ధం గేమో అయితే కనీసం బంధువులకు చెప్పుకోవచ్చు. మేక ఒకటి ఊరి మీద పడి కనిపించినవాళ్లందర్నీ కుమ్ముకుంటూ పోయే గేమ్ అంటే చెప్పుకోవడానికే మొహమాటం. ఇంట్లోవాళ్ల సంగతి అటుంచితే, గేమ్‌ల రంగంలో ఉన్నవాళ్లలో కూడా కొందరు ఇలాగే మాట్లాడుతున్నారు. ఏళ్ల తరబడి కష్టపడి చేసిన గేమ్ మూలన పడి ఉంటే, కొన్ని వారాల్లో అల్లేసిన ఇలాంటి వెర్రి గేమ్, అంటే జోక్ గేమ్, లక్షల్లో అమ్ముడుపోతోందని, దాంతో పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా గేమ్‌లు చేసే ఇండీ డెవలపర్ల పనే జనానికి చులకనైపోయిందని వాళ్ల ఆవేదన.

ఆవేదనలో నిజముంది. నింద మాత్రం తప్పు చోట పడుతోంది. చేతిలో పెట్టుబడి లేని, పెద్ద నగరంలో ఉండని కుర్రాడికి ఈ పని నేర్చుకోవడానికి జోక్ గేమ్ కంటే మంచి దారి ఇవాళ నాకు కనిపించడం లేదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే ఈ మాట ఇంత గట్టిగా అంటున్నాను.

మేక సంగతే తీసుకుందాం. స్వీడన్‌లో షోవ్‌దే అనే ఊరు ఉంది, పెద్ద నగరమేమీ కాదు. అక్కడి కాఫీ స్టెయిన్ స్టూడియోస్ అప్పటికే 'శాంక్టమ్' లాంటి సీరియస్ గేమ్‌లు చేసిన సంస్థ. 2014 జనవరిలో ఆఫీసులో తమలో తాము పెట్టుకున్న గేమ్ జామ్‌లో (తక్కువ టైమ్‌లో గేమ్ చేసి చూపించే పోటీలో) 'గోట్ సిమ్యులేటర్' పుట్టింది. దాని వీడియో యూట్యూబ్‌లో పెడితే జనం ఎగబడ్డారు. అదే ఏడాది ఏప్రిల్ 1న అమ్మకానికి వచ్చింది. గేమ్ క్రాష్ అయ్యే బగ్స్ మాత్రమే తీసేస్తామని, మిగతావి నవ్వొచ్చేలా ఉన్నాయి కాబట్టి ఉంచేస్తామని అమ్మకం పేజీలోనే రాసిపెట్టారు. చాలామందికి ఇక్కడి వరకే తెలుసు. ఆ తర్వాత అదే సంస్థ 'శాటిస్‌ఫాక్టరీ'ని 2019లో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి, ఐదేళ్లకు పైగా ఓపిగ్గా చెక్కి, 2024లో పూర్తి గేమ్‌గా విడుదల చేసింది. 2021లో సంచలనం సృష్టించిన 'వాల్‌హైమ్' ఐదుగురున్న చిన్న టీమ్ చేసిన గేమ్. దాన్ని ప్రచురించింది కూడా కాఫీ స్టెయినే. మేక తెచ్చిన పేరూ డబ్బూ లేకపోతే ఇంత ఓపిక పట్టే స్తోమత ఆ సంస్థకు ఉండేదా? ఉండేదని నేను అనుకోను. జోక్ గేమ్ అక్కడ సీరియస్ గేమ్ నోటి దగ్గర కూడు లాక్కోలేదు, దానికి టైమ్ సంపాదించి పెట్టింది.

సరే, అందరికీ అలా కలిసిరాదు. అందుకే డబ్బు కంటే నాకు ముఖ్యమైనది పనితనం. మంచి జోక్ గేమ్‌లో నవ్వు కథలోంచి రాదు, ఆడేవాడి చేతిలోంచి వస్తుంది. తత్వశాస్త్రం చదువుకున్న బెనెట్ ఫాడీ 2008లో 'క్వాప్' అనే బ్రౌజర్ గేమ్ చేశాడు. వంద మీటర్ల పరుగు, అంతే. క్యూ, డబ్ల్యూ మీటలు తొడలకు, ఓ, పీ మీటలు పిక్కలకు. ఒక్కొక్క కండరాన్నీ మనమే కదపాలి కాబట్టి మొదటి అడుగుకే రన్నర్ బోర్లా పడతాడు. 'సర్జన్ సిమ్యులేటర్' 2013 గ్లోబల్ గేమ్ జామ్‌లో 48 గంటల్లో తయారైంది. ఒక్కో వేలికి ఒక్కో మీట, చెయ్యి కదపడానికి మౌస్. ఆ చేత్తో గుండె మార్పిడి చేయాలి. గడియారం ఊడి రోగి పొట్టలో పడిపోతే అదీ మన ఖర్మే.

చూస్తే పిల్లచేష్టలా ఉంటుంది. చేసి చూస్తే తెలుస్తుంది కష్టం. మోకాలి కీలు ఎంత బిగుతుగా ఉండాలి, శరీరం బరువెంత, మీట నొక్కిన ఎన్ని క్షణాలకు కాలు లేవాలి? ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అయితే నవ్వు రాదు సరికదా, విసుగొచ్చి మూసేస్తారు. సీరియస్ గేమ్‌లో బలహీనమైన చోట్లను మంచి బొమ్మలు, సంగీతం, కథ కప్పేస్తాయి. జోక్ గేమ్‌లో కప్పుకోవడానికి ఏమీ ఉండదు.

బరంపురంలో ఫైనలియర్ చదువుతున్న ఒక కుర్రాడి గేమ్ ఈ మధ్య ఆడాను. ఇచ్ఛాపురం వెళ్లే బస్సులో మనం కండక్టర్. గోలంతర దాటి గిరిసోల చెక్‌గేటు వచ్చేదాకా ప్యాసింజర్లు ఒడియాలో అడుగుతారు, గేటు దాటగానే తెలుగులోకి మారిపోతారు. తప్పు భాషలో జవాబిస్తే చిల్లర తగ్గించి ఇస్తారు. బస్సు టాప్ మీద జీడిపప్పు బస్తా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆ బస్తా ఆకాశంలోకి ఎగిరిపోయేదట. బస్తా హద్దులూ టాప్ హద్దులూ ఒకదాంట్లో ఒకటి చొరబడి ఉండటంతో, వస్తువులు ఎలా కదలాలో లెక్కగట్టే ఫిజిక్స్ ఇంజిన్ రెండింటినీ విడదీయబోయి బస్తాను విసిరేసేది. అతను బగ్ అనుకుని సరిచేయబోతే హాస్టల్ ఫ్రెండ్స్ ఒప్పుకోలేదు. దాంతో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ బస్తాను పట్టుకోవడమే గేమ్ అయిపోయింది.

అసలు చదువు అప్పుడు మొదలైంది. మంచి ఫోన్‌లో చక్కగా ఎగిరే బస్తా, చవక ఫోన్‌లో ఎటు పోయేదో తెలిసేది కాదు. ఫ్రేమ్ రేటుతో (స్క్రీన్ మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో దానితో) ముడిపడకుండా ఫిజిక్స్ లెక్క ఎప్పుడూ ఒకే వేగంతో నడవాలని అతను నేర్చుకున్నది ఆ బస్తా దగ్గరే. భాష దగ్గర ఇంకో తలనొప్పి. మొదట గేమ్‌లు తయారు చేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాడు. అక్కడ ఎక్కువమంది వాడే టెక్స్ట్ పద్ధతిలో తెలుగు వత్తులు, ఒడియా జంటాక్షరాలు సరిగ్గా కూడవు. 'ఇచ్ఛాపురం' అని రాస్తే చ కింద ఉండాల్సిన వత్తు ఊడిపోయి బోర్డు మీద అక్షరాలు విడివిడిగా పడ్డాయి. బస్సు బోర్డే తప్పయితే జోక్ ఎవరికి పేలుతుంది? అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్, 2023లో వచ్చిన గోడో 4లో భారతీయ లిపులు సవ్యంగా వస్తాయని తెలిసి, అంతా తిరగరాశాడు. పైగా గోడో పూర్తిగా ఉచితం. ఈ రెండు పాఠాలూ ఏ సిలబస్‌లో ఉన్నాయో నాకు చూపించండి.

ఇక గేమ్‌ను బయట పెట్టడం. ప్లే స్టోర్‌లో డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా సొంత పేరుతో ఖాతా తెరిచినవాళ్లు కనీసం 12 మంది టెస్టర్లను వరుసగా 14 రోజులు ఉంచాలి. ఇరవై గంటల సీరియస్ గేమ్‌ను అన్ని రోజులు ఆడిపెట్టమంటే స్నేహితులు మొహం చాటేస్తారు. బస్తా ఎగిరే గేమ్ అయితే అడగకుండానే వస్తారు, ఎక్కడ చిరాకు పుట్టిందో మొహం మీదే చెప్పేస్తారు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో అయితే గేమ్‌కు 100 డాలర్లు, అంటే ఎనిమిది వేల రూపాయల పైమాటే. విద్యార్థికి అది చిన్న డబ్బు కాదు. అలాంటప్పుడు మొదటి గేమ్ చిన్నదిగా, తొందరగా పూర్తయ్యేదిగా ఉండటమే తెలివైన పని.

మరి నష్టమెక్కడ జరుగుతోంది? 2024 జూన్‌లో స్టీమ్‌లో 'బనానా' అనే గేమ్‌ను ఒకేసారి తొమ్మిది లక్షలకు పైగా ఖాతాలు ఆడాయి. స్క్రీన్ మీద ఒక అరటిపండు, దాన్ని నొక్కడం, అంతకు మించి ఏమీ లేదు. అప్పుడప్పుడూ వచ్చే అరటిపండు బొమ్మల్ని స్టీమ్ మార్కెట్‌లో అమ్ముకోవచ్చు. ఆ ఖాతాల్లో చాలావరకు మనుషులు కాదు, బాట్లేనని (వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లేనని) గేమ్ చేసినవాళ్లే ఒప్పుకున్నారు. ప్రతి అమ్మకంలోనూ స్టోర్‌కు వాటా ఉంటుంది. ఇక్కడ ఆడేవాడి చేతికి పనేమీ లేదు, నవ్వడానికీ ఏమీ లేదు. దీన్ని జోక్ గేమ్‌ల ఖాతాలో వేయడం అన్యాయం. ఇది బేరం.

నొక్కుడు గేమ్‌ల మీద నిజమైన జోక్ చాలా ముందే వచ్చింది. ఫేస్‌బుక్‌లో 'ఫార్మ్‌విల్' అనే వ్యవసాయం గేమ్ ఊపేస్తున్న 2010లో ప్రొఫెసర్ ఇయాన్ బోగోస్ట్ దాన్ని ఎగతాళి చేస్తూ 'కౌ క్లికర్' చేశాడు. ఆరు గంటలకోసారి ఆవును నొక్కాలి. వేళాకోళంగా పెడితే వేలమంది నిజంగానే ఆడారు. చివరికి 2011లో ఆయన ఆవులన్నిటినీ మాయం చేస్తే, ఖాళీ స్థలాన్ని నొక్కుతూ కూర్చున్నవాళ్లున్నారు. ఆ తరహా గేమ్‌ల మీద ఎన్ని వ్యాసాలు రాసినా అంత సూటిగా తగలదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 'ఫ్లాపీ బర్డ్' అనే పిట్ట గేమ్ చేసిన డాంగ్ న్యుయెన్. ఆయన పెరిగిన వాన్ ఫుక్, హనోయ్ దగ్గర పట్టు నేతకు పేరున్న ఊరు. పట్టుచీరల బరంపురం వాళ్లకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. 2013లో విడుదలైన గేమ్ 2014 జనవరిలో ఒక్కసారిగా పైకి లేచింది. ప్రకటనల మీద రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయని వార్తలొచ్చాయి. ఆ టెన్షన్ తట్టుకోలేక ఫిబ్రవరిలో ఆయనే దాన్ని తీసేశాడు. తీసేశాక నకళ్లు వరదలా వచ్చిపడ్డాయి. చేసినవాడిని తప్పుబట్టినవాళ్లలో ఎంతమంది ఆ నకళ్లకు చోటిచ్చిన స్టోర్లను నిలదీశారు? 2024 ఒక్క ఏడాదిలోనే స్టీమ్‌లోకి 18 వేలకు పైగా గేమ్‌లు వచ్చాయి. ఆ గుంపులో మంచి గేమ్ కనిపించకపోతే తప్పు మేకదీ పిట్టదీ ఎలా అవుతుంది?

ఒక్క భయం మాత్రం నాకూ ఉంది. జోక్ గేమ్‌లు ఆడేవాళ్ల కంటే వాటి వీడియోలు చూసేవాళ్లే ఎక్కువ. దాంతో గేమ్ బాగుందా అన్నది పక్కనబెట్టి, ముప్పై సెకన్ల రీల్‌కు పనికొస్తుందా అని చూసి డిజైన్ చేస్తున్నారు. వీడియో చూస్తే పొట్టచెక్కలయ్యే గేమ్ చేతికొచ్చాక ఐదు నిమిషాలకే చప్పబడిపోతోంది. ఈ ధోరణి మన పిల్లల్లోనూ ఉంది. ఎక్కడో అమెరికాలో పుట్టిన మీమ్‌ను తెచ్చి బొమ్మ మార్చి గేమ్ అంటారు. దాన్ని చూసి ఇక్కడ ఎవరూ నవ్వరు, అక్కడివాళ్లకు అది పాతబడి ఉంటుంది.

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషాలు వేస్తారు కదా. పులి వేషం వేసినవాడి నడకలో పులి కనిపించకపోతే, రంగు ఎంత పూసుకున్నా వీధిలో పిల్లలు కూడా పట్టించుకోరు. గేమ్‌కు మీమ్ పూయడం కూడా అంతే. కండక్టర్ గేమ్‌లో మెడ మీద సంచీ, రెండు భాషల్లో చిల్లర గొడవ, టాప్ మీద బస్తా ఈ దారిలో తిరిగినవాడికి తప్ప తట్టవు. సరిహద్దులో పెరగడం మన పిల్లలకు లోటు అని వినీ వినీ విసుగొచ్చింది. గేమ్‌లో నవ్వు పుట్టించడానికి ఒక ఒడియా మాట, ఒక తెలుగు మాట ఢీకొంటే చాలు. ఆ సరుకు హైదరాబాద్‌లో దొరకదు.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లు నిషేధంలోకి వెళ్లాయి. నిషేధం మంచిదే. కానీ మన డిగ్రీ పిల్లలు చేరుతూ వచ్చిన కంపెనీల్లో ఉద్యోగాలు పోయాయి. సొంతంగా చిన్న గేమ్ చేయగలిగినవాడికి ఇప్పుడు విలువ పెరగాలి. అందుకే ఈ జిల్లాల కాలేజీలను అడుగుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టుగా హాజరు యాప్, లైబ్రరీ యాప్ తప్ప మరొకటి ఒప్పుకోని పద్ధతి మానండి. జోక్ గేమ్ తెస్తే పేరు చూసి వెనక్కి పంపొద్దు. వైవాలో స్లైడ్లు చూపించమనడం ఆపి, ఫోన్ చేతిలోకి తీసుకుని పది నిమిషాలు ఆడండి. బస్తా ఎందుకు ఎగురుతోందో, చవక ఫోన్‌లో కూడా అలాగే ఎగురుతోందో లేదో, బోర్డు మీద వత్తులు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ కుర్రాణ్ణి అడిగి, దానికి మార్కులు వేయండి.