మెయిలు వేరు కుంపటి

ఆస్తి పంపకాలకు ఒక పద్ధతుంది. ముందు మాటామాటా పెరగాలి, తర్వాత వంటింట్లో గిన్నెలు మోగాలి, ఆఖరున పెద్దమనుషులొచ్చి అరుగు మీద కూర్చోవాలి. మా సర్వర్ విషయంలో మూడూ సక్రమంగా జరిగాయి. కాకపోతే పెద్దమనిషినీ నేనే, తగువు పెట్టిందీ నేనే.

నాలుగేళ్లు ఉమ్మడి కాపురం. 4 జీబీ ర్యామ్ ఉన్న ఒకే ఒక్క అద్దె సర్వర్. ఫైళ్లకు నెక్స్ట్‌క్లౌడ్, పాస్‌వర్డ్‌లకు వాల్ట్‌వార్డెన్, సినిమాలకు జెల్లీఫిన్, ఫోటోలకు ఇంకో యాప్. వీటన్నిటి మధ్య వసారాలో మంచం వేసుకున్న తాతగారిలా పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ అనే సాఫ్ట్‌వేర్‌లతో మెయిలు. ఈ సామ్రాజ్యంలో ప్రజలు నలుగురు: నేను, మా ఆవిడ, మా నాన్న, ‘టెస్ట్’ అనే పేరుతో మళ్లీ నేను. రాత్రి బ్యాకప్ క్షేమంగా ముగిసిందన్న వార్త తెల్లవారుజామున 5 గంటలకు నలుగురికీ మెయిల్లో అందుతుంది. పాలన పారదర్శకంగా ఉండాలి కదా.

చిచ్చు రేగింది మా మరదలి పెళ్లి ఫోటోల దగ్గర. 2,300 ఫోటోలు ఒకేసారి ఎక్కించాను. యాప్ ముఖాలు గుర్తుపట్టే పనిలో పడింది. మెమరీ అయిపోయింది. ఇంట్లో బియ్యం నిండుకుంటే ఎక్కువ తినేవాణ్ణి వెతికి బయటికి గెంటే ఏర్పాటు లినక్స్‌లో ఉంది, ఓఓఎమ్ కిల్లర్ అంటారు. తప్పెవరిదని అది అడగదు, కంచం సైజే చూస్తుంది. మెయిళ్లలో వైరస్ చూసే క్లామ్‌ఏవీ ఒక్కదానికే జీబీకి పైగా మెమరీ కావాలి. ఫోటోలు తిన్నదానికి కాపలావాడు బలయ్యాడు. కాపలావాడు లేనిదే ఎవర్నీ రానివ్వనని పోస్ట్‌ఫిక్స్ గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ “మళ్లీ రండి” అని తిప్పి పంపింది.

ఆ రాత్రే తీర్మానించాను. విడిపోదాం.

ఎవరు ఇల్లు వదలాలి అన్నది అసలు ప్రశ్న. పెద్దాయన్ని వేరే ఇంటికి పంపి పిల్లలు ఉన్నచోటే ఉండటం లోకరీతి. ఇక్కడ అది చెల్లదు. యాప్ పడిపోతే లేపి నిలబెట్టొచ్చు, మెయిలు పంపే ఐపీకి, అంటే ఇంటర్నెట్‌లో సర్వర్ ఇంటి నంబరుకి, చెడ్డపేరు వస్తే అంత తేలిగ్గా పోదు. పాత ఐపీకి నాలుగేళ్ల పరువుంది. కొత్త ఐపీలో ఇంతకుముందు ఎవరు అద్దెకున్నారో, ఎన్ని స్పామ్ మెయిళ్లు పంపి ఖాళీ చేశారో మనకు తెలియదు. పైగా యాప్‌ల తలుపులు రోజంతా లోకానికి తెరిచే ఉంటాయి. ఏదో ఒకదానిలో దొంగ దూరి స్పామ్ పంపితే, ఒకే కప్పు కింద ఉన్న పాపానికి తాతగారి పేరూ స్పామ్ పంపేవాళ్ల చిట్టా రాసే స్పామ్‌హౌస్ జాబితాకెక్కుతుంది. కాబట్టి మెయిలు ఉన్నచోటే ఉంటుంది, యాప్‌లు మూటాముల్లె సర్దుకోవాలి.

1982లో జాన్ పోస్టెల్ మెయిళ్లు చేరవేసే పద్ధతికి ఎస్‌ఎమ్‌టీపీ అనే నియమాలు రాసిన రోజుల్లో ఉత్తరం తెచ్చినవాణ్ణి ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు. ఇప్పుడు ఫలానా సర్వరే నా తరఫున ఉత్తరాలు పంపుతుందని ఎస్‌పీఎఫ్ రాసివ్వాలి. ప్రతి ఉత్తరానికీ డీకిమ్ సంతకం ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే ఏం చేయాలో డీమార్క్ చెప్పాలి. ఇంటి నంబరు అడిగితే పేరు, పేరు అడిగితే ఇంటి నంబరు, రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. మూకుమ్మడిగా మెయిళ్లు పంపేవాళ్లకు గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ పత్రాలన్నీ తప్పనిసరి చేశాయి. నలుగురు ప్రజలున్న నేను ఆ కోవలోకి రాను. అయినా అన్నీ సిద్ధం చేశాను, ఎందుకైనా మంచిదని.

గృహప్రవేశం నాడే అపశకునం. పేరు చెబితే ఇంటి నంబరు చెప్పే డీఎన్ఎస్‌లో చిరునామా మార్చాను గానీ, దాన్ని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ ముందుగా తగ్గించడం మరిచాను. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు.

“ఏమండీ, పెళ్లి ఫోటోలు కనపడట్లేదు.”

“పాత చిరునామా ఇంకా గుర్తుండిపోయింది. రేపటికి మర్చిపోతుంది.”

“ఎవరు?”

చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. ఆవిడ మధ్యలోనే కూరకు తాలింపు పెట్టడానికి లేచింది.

విడిపోయాక తెలిసింది, గోడకు ఎన్ని కిటికీలు పెట్టాల్సి వచ్చిందో. కొత్త సర్వర్‌లో అద్దెకిచ్చినవాళ్లు మెయిళ్లు నేరుగా బయటికెళ్లే గుమ్మాన్ని, అంటే 25వ పోర్టును, మూసేశారు. నెక్స్ట్‌క్లౌడ్ ఎవరికైనా పాస్‌వర్డ్ మార్చుకొమ్మని ఉత్తరం రాయాలంటే 587వ పోర్టు దగ్గరికెళ్లి తాతగారికి దణ్ణం పెట్టి చేతికివ్వాలి. తాతగారి ఇంటి తాళంచెవి వాల్ట్‌వార్డెన్‌లో, అంటే యాప్‌ల ఇంట్లో. యాప్‌ల బ్యాకప్ మెయిలు ఇంట్లో, మెయిలు బ్యాకప్ యాప్‌ల ఇంట్లో. మెయిలు సర్వర్ ఊపిరి తీస్తోందో లేదో యాప్‌ల సర్వర్ నిమిషానికోసారి చూసి, తీయకపోతే వెంటనే నాకు మెయిలు పంపుతుంది. ఏ సర్వర్ ద్వారా పంపుతుందని అడగకండి.

అద్దె మాత్రం స్పష్టంగా రెండింతలైంది.

పోయిన నెల మా నాన్న ఫోన్ చేశారు. “ఒరేయ్, మూడు రోజులుగా తెల్లారి నీ బ్యాకప్ ఉత్తరం రావట్లేదేంట్రా? ఒంట్లో బాగానే ఉందా?”

చూస్తే మెయిలు సర్వర్ ఆగిపోయి ఉంది. కార్డు గడువు ముగిసి అద్దె కట్టలేదట. కొత్త కార్డు ఇచ్చాను, సర్వర్ లేచింది. అవతలివాడు తలుపు తీయకపోతే కనీసం నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ తట్టాలని మెయిలు నియమాల్లో ఉంది కాబట్టి, దారిలో ఆగిన ఉత్తరాలన్నీ ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. మొట్టమొదటిది సర్వర్ అద్దెకిచ్చినవాళ్లదే. మీ సేవలను నిలిపివేశాం, పూర్తి వివరాలకు దయచేసి మీ ఈమెయిలు చూసుకోండి అని.