కెపాసిటర్ ప్యానెల్ పెడితే బిల్లు 30 శాతం తగ్గుతుందా?

చిన్న పరిశ్రమల వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది: "ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పెడితే మోటార్లు తక్కువ కరెంటు లాగుతాయి. ఏ ఫ్యాక్టరీకైనా బిల్లు 30 శాతం తగ్గుతుంది. ఎంత పెద్ద ప్యానెల్ అయితే అంత లాభం. ఆరు నెలల్లో పెట్టుబడి వెనక్కి."

ఏపీఎఫ్‌సీ ప్యానెల్ అంటే పవర్ ఫ్యాక్టర్‌ని తనంతట తానే సరిచేసే కెపాసిటర్ల పెట్టె. లైన్లోంచి లాగే మొత్తంలో (కేవీఏ) నిజంగా పనికొచ్చే వాటా (కిలోవాట్లు) ఎంతో చెప్పే అంకె పవర్ ఫ్యాక్టర్. ముందు మోటారు సంగతి. 100 కిలోవాట్ల లోడు 0.75 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తోందనుకుందాం. ప్యానెల్‌తో దాన్ని 0.98కి తెస్తే, ఫ్యాక్టరీలోకి కరెంటు తెచ్చే ఇన్‌కమర్ కేబుల్‌కి తగిలించిన క్లాంప్ మీటర్‌లో 185 ఆంపియర్లు 142కి దిగుతాయి. అదే క్లాంపు మోటారు వైరుకి పెట్టండి, అంకె కదలదు. మోటారుకి కావలసిన రియాక్టివ్ కరెంటు (పని చేయకుండా అయస్కాంత క్షేత్రం కోసం అటూ ఇటూ తిరిగేది) ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కాక పక్కనున్న కెపాసిటర్ నుంచి వస్తోంది, అంతే.

మరి 30 శాతం? మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ (హై టెన్షన్) పరిశ్రమలకు యూనిట్లు కేవీఏహెచ్‌లో, అంటే రియాక్టివ్ భాగాన్నీ కలిపి, లెక్కిస్తారు కాబట్టి లాభం ఉన్నమాట నిజమే. పై లోడుకి యూనిట్లు 23 శాతం తగ్గుతాయి. 30 రావాలంటే పవర్ ఫ్యాక్టర్ 0.69 దగ్గర పడి ఉండాలి. ఇప్పటికే 0.95 ఉన్నవాళ్లకి 0.99కి తెచ్చినా మిగిలేది 4 శాతం. కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికొచ్చిన కరెంటు) మీదే బిల్లు కట్టే ఇళ్లలో ప్లగ్గుకి పెట్టే 'పవర్ సేవర్' డబ్బా గురించి ఇక మాట్లాడక్కర్లేదు.

నెలలో నమోదైన గరిష్ఠ కేవీఏ మీద వేసే డిమాండ్ చార్జీలో ఇంకో మెలిక ఉంది. మన లోడు 133 కేవీఏ నుంచి 102కి తగ్గింది. కానీ కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ కేవీఏ) 150 అయితే, అందులో 80 శాతానికి, అంటే 120కి, ఎలాగూ కట్టాల్సిందే. తగ్గింది 31, డబ్బు మిగిలింది 13కే. మిగతాది కావాలంటే కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించమని డిస్కంకి దరఖాస్తు పెట్టాలి. మెసేజ్‌లో ఈ ముక్క లేదు.

ఇక 'ఎంత పెద్దదైతే అంత' అనేది ప్రమాదకరమైన మాట. ఈ లోడుకి కావలసింది సుమారు 68 కేవీఏఆర్ (కెపాసిటర్ల సామర్థ్యాన్ని కొలిచే యూనిట్). అంతకు మించి పెట్టి, రాత్రి లోడు తగ్గినప్పుడు కూడా ఆన్‌లోనే ఉంచితే పవర్ ఫ్యాక్టర్ అవసరానికి మించి సరిదిద్దబడి లీడింగ్‌లోకి పోతుంది, వోల్టేజీ పెరుగుతుంది. వీఎఫ్‌డీలు (మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు) ఎక్కువున్న చోట అసలు గొడవ హార్మోనిక్స్‌ది, అంటే కరెంటు తరంగం వంకర్లు పోవడానిది. అక్కడ హార్మోనిక్స్ నుంచి కెపాసిటర్లని కాపాడే 7 శాతం రియాక్టర్ లాంటిదేదీ లేకుండా ఉత్త కెపాసిటర్లు బిగిస్తే కొన్నాళ్లకి డబ్బాలు ఉబ్బి కనిపిస్తాయి.

ఆరు నెలల లెక్క ఏడాది బిల్లులు ముందేసుకుని మీరే వేసుకోండి. అందులో కెపాసిటర్లు, వాటిని ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్లు మార్చే ఖర్చు కూడా కలపండి. అప్పుడప్పుడూ ఒక్కో స్టెప్పుకి (ప్యానెల్‌లో కలిసి ఆన్ అయ్యే కెపాసిటర్ల గుంపుకి) క్లాంప్ పెట్టి చూసే ఎలక్ట్రీషియన్ లేకపోతే, కెపాసిటర్లు చచ్చాక కూడా ప్యానెల్ మీద లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బిల్లు మాత్రం మళ్లీ పాత అంకెకి చేరుతుంది.