మా నాన్నగారి యాషికా ఎవరి లైకా కాదు

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి ఓణీల వేడుకలో, రెండో బంతి భోజనాలు నడుస్తుండగా, మా పెద్దబావగారు నా కెమెరా వెనుక తలుపు తెరిచారు. అది మే నెల, అది నడి పెరడు, ఆ కెమెరాలో అప్పటికే 24 ఫోటోలు తీసిన, కడగక ముందు వెలుతురు తగిలితే మాడిపోయే రీలు ఉంది. ఈ మూడు ముక్కలు చదవగానే అప్రయత్నంగా కళ్లు మూసుకున్నవారందరూ నా మనుషులు. ఈ పోస్టు వారి కోసమే రాస్తున్నాను. 'అయితే ఏమైందండీ, మళ్లీ తీసుకోవచ్చు కదా' అనేవారు దయచేసి వేరే పని చూసుకోగలరు; వారికి సమాధానం చెప్పే ఓపిక నాకు ఈ పూట లేదు.

నేను మజ్జిగ బకెట్టు పట్టుకుని వడ్డనలో ఉన్నాను కాబట్టి, మెడలోని యాషికాను తీసి అరుగు మీద మా అమ్మ పక్కన పెట్టాను. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు దానిని చూసి ముచ్చటపడి, ఇందులో రీలు ఎక్కడ ఉంటుందని వాళ్ల నాన్నను అడిగాడు. కుర్రవాడి తప్పేమీ లేదు, ఆ మాత్రం కుతూహలం ఉన్నందుకు నాకు సంతోషమే. బావగారు కెమెరాను అరచేతిలో తూచి, పది మందికీ వినపడేటట్టు, "పేదవాడి లైకా అంటారే, అది ఇదేరా" అన్నారు. లైకా అంటే జర్మనీవారి ఖరీదైన కెమెరా. హైదరాబాదు అల్లుడుగారు ఛలోక్తి విసిరితే నవ్వకపోవడం మా పర్లాకిమిడిలో మర్యాద కాదు గనుక బంతిలో ఉన్నవారందరూ నవ్వారు, పెరుగు కలుపుకుంటూ మా చిన్నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు చల్లారక ముందే బావగారు, రీలును వెనక్కు చుట్టే గుబ్బను పట్టి పైకి లాగారు. యాషికా ఎలక్ట్రోలో ఆ గుబ్బ లాగితేనే తలుపు తెరుచుకుంటుంది, తెరుచుకుంది. పోనీ, లోపల రీలు కనపడగానే మూసేశారా అంటే అదీ లేదు. ఇది ఇటు నుంచి వస్తుంది, ఇక్కడ వెలుతురు తగులుతుంది, అటు వెళ్లి చుట్టుకుంటుంది అని వేలు పెట్టి చూపిస్తూ అరనిమిషం పాఠం చెప్పారు. నేను బకెట్టు వదిలేసి పరుగెత్తుకు వెళ్లేసరికి తాపీగా తలెత్తి, "ఏమోయ్, ఏదో అలంకారానికి పాత రీలు పెట్టి ఉంచావనుకున్నాను. నిజంగానే తీస్తున్నావా దీనితో?" అన్నారు.

నా కోపమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే. రీలు పాడైనందుకు బాధ ఉంది, అది వేరే లెక్క. కెమెరా అన్నాక అందులో ప్రాణమున్న రీలు ఉండవచ్చునన్న ఊహే ఆ మనిషికి రాలేదు. రీలు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి ఆ గుబ్బను కాస్త తిప్పి చూస్తే చాలు, బిగువుగా తగిలితే లోపల ఉన్నట్టే. అదీ అక్కరలేదు, పైన చిన్న కిటికీలో 24 అనే అంకె కూడా ఉంది. ఒక్కసారి ఆ తప్పు చేసినవాడు జన్మలో మళ్లీ చేయడు, నేను తొమ్మిదో తరగతిలో చేశాను. ఆయన యాభై రెండేళ్ల వయసులో నా రీలు మీద చేశారు.

ఈ బావగారు సామాన్యులు కారు, ఆయన దగ్గర లైకా ఎం3 ఉంది. 1954లో వచ్చిన ఆ మోడల్‌లో తొలి రకం, అంటే ఒక్కో ఫోటోకు రీలును ముందుకు జరిపే మీటను రెండేసి సార్లు తిప్పవలసినది. 1958 నుంచి వచ్చినవాటిని ఒక్కసారి తిప్పితే చాలు కాబట్టి వాటికి ఆ హుందాతనం లేదని ఆయన ఉవాచ. కన్ను పెట్టి చూసే దాని వ్యూఫైండర్ మాగ్నిఫికేషన్ 0.91, అంటే దృశ్యం దాదాపు ఉన్నంతగానే కనపడుతుందనీ, కాబట్టి రెండు కళ్లూ తెరిచే చూడవచ్చనీ, 50, 90, 135 మిల్లీమీటర్ల లెన్సులకు అందులో గీతలు కనపడతాయనీ, దూరం కొలిచే రెండు కిటికీలు ఎంత ఎడంగా ఉంటే ఫోకస్ అంత నిక్కచ్చిగా కుదురుతుందనీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అన్నీ నిజాలే. ఎం3 గొప్ప యంత్రం కాదని నేను ఎన్నడూ అనలేదు. రెండేళ్ల క్రితం వారింట్లో అయిదు నిమిషాలు దానిని నా చేతికి ఇచ్చినప్పుడు, ఫోకస్ కుదిరేటప్పుడు నడిమి మచ్చలో జంట బొమ్మలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చునే తీరు చూసి నాకు మాట రాలేదు. కాని ఆ కెమెరా అద్దాల బీరువాలో, సిలికా జెల్ పొట్లాల మధ్య, తేమ కొలిచే పరికరం పక్కన కాపురం చేస్తోంది. మూడేళ్లలో దానితో ఒక్క రీలు తీశారు, అదీ ఇంకా కడిగించలేదని మా అక్క రహస్యంగా చెప్పింది. నోరు తెరిస్తే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ పేరు వినపడుతుంది. ఆ మహానుభావుడు తన లైకా మెరుపు జనం కంట పడకూడదని నల్ల టేపు అంటించుకుని వీధుల వెంట తిరిగాడు; ఈయన దానికి ఎర్ర తోలు పట్టీ కట్టించి, పిల్లల పుట్టినరోజు ఫోటోలు సెల్‌ఫోనుతో తీస్తారు.

సరే, ఆయన వాడిన మాటనే పట్టుకుందాం. పేదవాడి లైకా అనే బిరుదు ఎవరికైనా ఇవ్వక తప్పదంటే రష్యా కెమెరా జోర్కీకి ఇవ్వాలి. 1932 నాటి లైకా 2ను చూసి సోవియట్ వాళ్లు ఫెడ్ అనే కెమెరా చేశారు, ఆ ఫెడ్‌ను చూసి 1948లో జోర్కీ మొదలుపెట్టారు, కాబట్టి అది లైకాకు పిల్లనిచ్చిన చుట్టమంత దగ్గర. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 పుట్టుకే వేరు. దాని లెన్సు ఊడదు, షట్టర్ లెన్సులోనే రేకులు రేకులుగా ఉంటుంది, అందువల్ల సెకనులో 500వ వంతు వేగంలో కూడా ఫ్లాష్ ఫ్రేమంతా పడుతుంది. ఎం3లోని గుడ్డ షట్టర్‌తో 50వ వంతు దాటితే ఫ్లాష్ ఫ్రేములో కొంత మేరకే తగులుతుంది. మిట్టమధ్యాహ్నం తాటాకు పందిట్లో, వెనుక ఎండ భగ్గుమంటుండగా నీడలో ఉన్న పెళ్లికూతురి ముఖం తీయవలసిన వాడిని అడగండి, ఈ రెండింటిలో ఏది కావాలో. ఎం3లో మీటరే లేదు, వెలుతురు కొలత మన తిప్పలు మనవి. యాషికాలో మనం అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే కన్నం సైజు, పెడితే 30 సెకన్ల నుంచి 500వ వంతు వరకు ఎంత వేగం కావాలో అదే చూసుకుంటుంది. ఈ సౌకర్యం లైకా ఎం వరుసలోకి 2002లో ఎం7తో వచ్చింది, అంటే 36 ఏళ్ల తరువాత. ఆనాడు ఎం7ను ధనవంతుడి యాషికా అని ఎవరైనా అన్నారా?

ఫోకస్ మచ్చనూ చూసే కిటికీనీ ఒక్కటిగా కలిపిన ఘనత కూడా ఎం3దేనని ఆయన మరో మాట. కాంటాక్స్ 2 అనే మరో కెమెరా ఆ పని 1936లోనే చేసి కూర్చుంది, లైకా ఇంకా 18 ఏళ్లు పట్టించింది. 1936 అంటే మా ఊరివాళ్లం మరచిపోయే సంవత్సరం కాదు, ఎందుకంటే ఆ ఏడు ఏప్రిల్ 1న పర్లాకిమిడిని కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో కలిపారు, గిడుగు రామమూర్తి పంతులుగారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. పక్కనే ఉన్న పాతపట్నం అటు మద్రాసు వైపు ఉండిపోయింది, మేము ఇటు పడ్డాము. వాడుక భాష కోసం అంతటివాడు పోరాడిన ఊళ్లో పుట్టిన నేను నోరు తెరిస్తే, 'మీది ఒరిస్సా తెలుగు' అని వియ్యాలవారి ఇళ్లలో నవ్వుతారు. మా మాట ఇంకొకరి మాటకు పేద చుట్టం, మా కెమెరా ఇంకొకరి కెమెరాకు పేద చుట్టం. ఇది కెమెరా పోస్టు గనుక ఆ సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

ఈ యాషికాను మా నాన్నగారు 1979లో మద్రాసు బర్మా బజారులో కొన్నారు. ఎలక్ట్రో 35లో జీఎస్ఎన్ అనే రకం, వెండి రంగుది, 45 మిల్లీమీటర్ల ఎఫ్ 1.7 లెన్సు. ఆయన ఫోటో స్టూడియోలో పెళ్లిళ్లకూ బడిపిల్లల గ్రూపు ఫోటోలకూ రెండు లెన్సుల కెమెరా వేరే ఉండేది, ఇది మాత్రం ఆయన సొంత సరదా. వెలుతురు చాలక కెమెరాలో పసుపు దీపం వెలిగితే ఊపిరి బిగపట్టు, ఎక్కువై ఎర్ర దీపం వెలిగితే అపర్చర్ మూయి. ఆయన నాకు నేర్పిన ఫోటోగ్రఫీ శాస్త్రమంతా ఇంతే. దీనికి పెట్టవలసిన 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు. అందుకని 6 వోల్టుల చిన్న బ్యాటరీకి పోస్టుకార్డు ముక్కను గొట్టంలా చుట్టి, చివర బాల్‌పెన్ను స్ప్రింగు పెట్టి నెట్టుకొస్తున్నాను. లోపల ఒక రబ్బరు ముక్క ఉంటుంది, అది వయసు మీద పడి పొడి అయిపోతే మీట తిప్పినప్పుడు వినపడవలసిన 'టక్' అనే చప్పుడు ఆగిపోతుంది, ఎక్స్‌పోజర్ లెక్క తప్పుతుంది. పై మూత విప్పి, ఆ చోట మా నాన్నగారి సైకిలు ట్యూబులోంచి కత్తిరించిన ముక్కను అంటించుకున్నాను. ఆ టక్ మళ్లీ వినపడిన రోజున నేను స్వీట్లు పంచాను, మా ఆవిడ సాక్షి. బీరువాలోని కెమెరాలకు ఈ రోగాలు రావు, నిజమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, నిన్నటి రీలు కన్నా పాత విషయానికి. 2004లో గుణుపూరు చిన్న రైలును పెద్ద లైనుగా మార్చడం కోసం ఆపేయబోతున్నప్పుడు, మా నాన్నగారు ఇదే యాషికాతో వారం రోజులు ఆ రైలు వెంట తిరిగారు. రాత్రిపూట చీకటిగదిలో, నెగటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జరు కింద పెట్టి తీసిన ఒక్కో కాగితం మీద, మందు నీళ్ల ట్రేలో ఆ ఇంజను తేలి వస్తుంటే నేను ఆ బొమ్మను నిలిపే హైపో ట్రేను ఊపుతూ నిలబడేవాడిని. మూడేళ్లు తిరగకుండా బావగారు పండగకు వచ్చి, ఫిలిం చచ్చిపోయింది మావయ్యగారూ, ఈ ఇనుము పెట్టుకుని గది ఎందుకు దండగ, తీసేసి కంప్యూటరు పెట్టండి, అని మూడు రోజులు ఉపన్యాసం ఇచ్చారు. అల్లుడిగారి మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. పాత సామాన్ల వాడు వచ్చి ఎన్‌లార్జరును తక్కెడలో పెట్టి, విరిగిన కుర్చీలతో కలిపి తూకానికి తీసుకుపోయాడు. అంతకు ముందు నాన్నగారు లోపలికి వెళ్లి, దాని లెన్సును మాత్రం విప్పి జేబులో వేసుకుని వచ్చారు. ఆ లెన్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది, దానిని తగిలించే యంత్రం లేదు. అదే బావగారు ఇప్పుడు లైకా కొన్న తరువాత, 'ఫిలింలో ఆత్మ ఉంటుందోయ్, డిజిటల్‌లో ఏముంది' అని నాకే చెబుతున్నారు. ఆ ఆత్మను కిలోల లెక్కన అమ్మించినవారు ఎవరో ఆయనకు గుర్తులేదు, మా అక్కకు గుర్తుంది, నాకు గుర్తుంది.

ఈ రోజు పొద్దున్న రీలు కడిగాను. మా ఊళ్లో ఈ రోజుల్లో కుళాయి నీళ్లే సలసలమంటాయి, రీలు కడిగే మందు, అంటే డెవలపర్, 20 డిగ్రీల వద్ద ఉండాలి, కాబట్టి నిన్న పానకానికి తెప్పించిన మంచుగడ్డలో మిగిలిన ముక్కను బకెట్లో వేసి ట్యాంకును అందులో దించాను. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 రీలుకు డీ-76 డెవలపర్‌లో ఏడున్నర నిమిషాలు పడుతుంది. ఆ ఏడున్నర నిమిషాలూ నేను దేవుడిని ఏమీ కోరుకోలేదు, ఎందుకంటే ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. తీసిన ఫోటోలన్నీ కుడివైపు స్పూలుకు ఒకదాని మీద ఒకటిగా చుట్టుకుని ఉంటాయి. అందుచేత ముందు తీసినవి లోపలి చుట్లలో దాక్కుని బతుకుతాయి, చివర తీసినవి పైచుట్లలో ఉండి ఎండకు ఆహుతి అవుతాయి. అలాగే జరిగింది. మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుక, పక్కింటి మేక, స్టేషనులో అరటిపండ్ల బండి, ఇటువంటి మొదటి 12 ఫ్రేములు అంచులు మాత్రం కాస్త మాడి బయటపడ్డాయి. ఓణీల వేడుక మొత్తం తారు పూసినట్టు నల్లగా వచ్చింది.

అందులో 23వ ఫ్రేము మా అమ్మది. కెమెరా కనపడితే చాలు, పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయే మనిషి ఆవిడ. నిన్న పిన్నీసు పళ్ల మధ్య పెట్టుకుని, మనవరాలి ఓణీ కుచ్చిళ్లు సర్దుతూ, దానిని ఏదో గదమాయిస్తూ ఉండగా తీశాను. రేకుల షట్టర్ చప్పుడు చెవి పక్కన పెట్టుకుంటే తప్ప వినపడదు కాబట్టి ఆవిడకు తెలియనే లేదు. డబ్బిచ్చి పిలిపించిన కుర్రాళ్లు డ్రోను ఎగరేసి మా పెంకుల మీద వడియాలు ఆరబెట్టిన చాపను అద్భుతంగా తీశారు గాని, ఈ పిన్నీసును తీయలేదు.

మధ్యాహ్నం రైలెక్కిన బావగారు వాట్సాప్‌లో, "ఏమోయ్, రీలు కడిగావా? ఏమైనా వచ్చాయా, స్కాన్ చేసి పంపు" అని రాశారు. నేను ఆ 23వ ఫ్రేమునే స్కాన్ చేసి, పాజిటివ్‌గా తిప్పి, ఒక్క మాట కూడా జోడించకుండా పంపాను. నెగటివ్ అంత నల్లగా ఉంటే పాజిటివ్ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు, గోడకు కొత్తగా సున్నం వేసినట్టు ఉంటుంది. పది నిమిషాలకు జవాబు వచ్చింది: "చూశావా, వెలుతురు మొత్తం ఎక్కువైపోయింది. యాషికా మీటరుతో వచ్చే తంటా ఇదే. ఎం3 అయితే ఇలా జరగదు."